గైడ్ వద్దన్న రోజే పైసా వసూల్

ముందే చెప్పేస్తున్నా. ఐస్‌లాండ్ దాకా వెళ్ళి మంచు గుహ చూడకుండా తిరిగొచ్చిన బ్యాచ్ మాది. డబ్బులు కట్టాం, రెండు విమానాలు మారాం, బూట్ల కింద తొడుక్కునే ఇనుప ముళ్ళ పట్టీలు కూడా కొనుక్కున్నాం. గుహ ఇంకా 190 కిలోమీటర్లు ఉందనగా మా గైడ్ బస్సు తాళం జేబులో వేసుకుని "ఈ రోజు ఇక్కడి నుంచి కదలం" అంది.

ఆ పొద్దున ఆమె మీద కోపం రాని మనిషి మా బస్సులో లేడు. నాకూ వచ్చింది. ఇప్పుడు తీరిగ్గా ఆలోచిస్తే, ఆ నాలుగు రోజుల ట్రిప్పులో మేం పెట్టిన డబ్బుకి నిజంగా దక్కింది ఆ ఒక్క మాటే అనిపిస్తోంది. ఈ వ్యాసం అది చెప్పడానికే. ఒప్పుకోనివాళ్ళు చివరిదాకా చదివాక తిట్టండి.

కారా, బస్సా?

నేను మన కాలేజీలోనే సివిల్ చదివాను. ఈ క్లబ్‌లో నాలుగేళ్ళు తిరిగాను. ఇప్పుడు జర్మనీలో ఎమ్మెస్ చేస్తున్నా. నా రూమ్మేట్‌ది కూడా మన కాలేజీయే, మెకానికల్. పోయిన క్రిస్మస్ సెలవుల్లో ఇద్దరం ఐస్‌లాండ్ వెళ్దామనుకున్నాం. అనుకున్న రోజే గొడవ మొదలైంది.

మావాడి వాదన ఇది: "కారు అద్దెకి తీసుకుందాం రా. గ్రూప్ టూర్ అంటే మా అమ్మమ్మ వాళ్ళు కాశీ యాత్రకి వెళ్ళినట్టుంటుంది. ముందు గైడ్, వెనకాల గొర్రెల మంద. ఇరవై నిమిషాలు ఫొటోలు, పది నిమిషాలు బాత్రూము, మళ్ళీ బస్సు. మనం ఇంజనీర్లం, మనకి మ్యాప్ చూడటం రాదా?"

వాడు చెప్పినదాంట్లో అబద్ధం ఏమీ లేదు. నేను గ్రూప్ టూర్ అన్నది కూడా జ్ఞానోదయమై కాదు. లైసెన్సు చేతికొచ్చి ఆర్నెల్లే అయింది, గడ్డకట్టిన రోడ్డు మీద కారు నడపాలంటే భయం. చివరికి నా భయమే గెలిచింది. పదహారు సీట్ల మినీబస్సు, నాలుగు రోజులు, గైడే డ్రైవరు. బస్సులో ఒక పోర్చుగల్ టీచర్ల జంట, ఒక కొరియా అమ్మాయి, లండన్ నుంచి వచ్చిన విజయవాడ అంకుల్, ఆంటీ, ఇంకా కొందరు. తెలుగువాళ్ళు కనపడగానే ఆంటీ అడిగిన మొదటి ప్రశ్న "ఏ ఊరు బాబూ మీది?" అంకుల్ అడిగిన మొదటి ప్రశ్న "మీకెంత పడింది టికెట్టు?"

ఐస్‌లాండ్ గురించి నాలుగు ముక్కలు చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. దేశం విస్తీర్ణం దాదాపు 1,03,000 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణ కంటే కాస్త చిన్నది. జనాభా నాలుగు లక్షల లోపే. ఒక్క వరంగల్ నగరంలోనే అంతకంటే ఎక్కువమంది ఉంటారు. ఉత్తర అమెరికా పలక, యురేషియా పలక ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్ల చొప్పున విడిపోతున్న గీత మీద ఈ దేశం కూర్చుని ఉంది. అగ్నిపర్వతాలు, వేడినీటి బుగ్గలు అన్నీ దాని పుణ్యమే. రైలు అనేదే లేదు. దేశాన్ని చుట్టి వచ్చే ఒకటో నంబరు రోడ్డు 1,300 కిలోమీటర్లకు పైగా ఉంటుంది, 1974లో పూర్తయింది. దక్షిణ తీరంలో ఎక్కడికి వెళ్ళాలన్నా ఆ రోడ్డే దిక్కు.

చలికాలం అనగానే మనం మైనస్ ముప్పై ఊహించుకుంటాం. సముద్రంలో వచ్చే వెచ్చటి ప్రవాహం వల్ల రేక్యావిక్‌లో డిసెంబరు సగటు ఉష్ణోగ్రత సున్నా దగ్గరే ఉంటుంది. వినడానికి హాయిగానే ఉంది కదా? చిక్కంతా అక్కడే. సున్నాకి అటూ ఇటూ ఊగుతుంటే పగలు కరిగిన మంచు సాయంత్రానికి మళ్ళీ గడ్డకట్టి, రోడ్డు అద్దంలా తయారవుతుంది. దానికి తోడు చీకటి. డిసెంబరు ఆఖర్లో పొద్దున 11 దాటితే గానీ సూర్యుడు రాడు, మధ్యాహ్నం నాలుగు లోపే వెళ్ళిపోతాడు. అన్నిటికీ మించి గాలి. వేగం రెట్టింపైతే బండి మీద పడే బలం నాలుగు రెట్లవుతుందని ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో లెక్కలు చేశాం కదా, అక్కడ దాన్ని ఒంటిమీద అనుభవిస్తాం.

చిన్న చిన్న వద్దులు

మొదటి రోజు రేక్యావిక్ నుంచి బయల్దేరి థింగ్‌వెల్లిర్, గేసిర్, గుల్‌ఫోస్ చూశాం. థింగ్‌వెల్లిర్‌లో క్రీ.శ. 930లోనే జనం ఏటా ఒకచోట చేరి చట్టాలు చేసుకునేవారు. వాళ్ళ పార్లమెంటు పుట్టింది అక్కడే. 2004 నుంచి అది యునెస్కో వారసత్వ స్థలం. గేసిర్ దగ్గర స్ట్రొక్కుర్ అనే బుగ్గ కొన్ని నిమిషాలకోసారి వేడినీళ్ళని ఆకాశంలోకి చిమ్ముతుంది. వేడినీటి బుగ్గకి ఇంగ్లీషులో ఉన్న పేరు ఆ ఊరి బుగ్గ నుంచి వచ్చిందే.

ఆ రోజంతా మా గైడ్ నోట్లోంచి ఎక్కువసార్లు వచ్చిన మాట "వద్దు". బస్సు ఆపగానే మమ్మల్ని దిగనివ్వదు. ముందు తను దిగి, తలుపు పట్టుకుని నిలబడి, ఒక్కొక్కరినీ దింపుతుంది. గాలికి కారు తలుపులు విరగడం అక్కడ మామూలు సంగతట. అందుకే బండిని ఎప్పుడూ గాలికి ఎదురుగా ఆపేది. గుల్‌ఫోస్ దగ్గర కింది దారికి గొలుసు కట్టేసి ఉంది, జలపాతం తుంపర గడ్డకట్టి దారంతా జారుడుబల్ల. మా కళ్ళముందే ఎవరో ఇద్దరు గొలుసు దాటి వెళ్ళి ఫొటోలు దిగి వచ్చారు. "చూశావా, ఏం కాలేదు" అన్నాడు మావాడు నాతో. ఈ "ఏం కాలేదు" గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తా.

ఆ రాత్రి పదకొండింటికి గైడ్ హోటల్ తలుపులు తట్టింది. ఉత్తర కాంతులు! పరుగెత్తాం. పైకి చూస్తే సన్నటి బూడిదరంగు పట్టీ, పల్చటి మబ్బులా. అంకుల్ మొహం వాడిపోయింది. "ఇదేనా? ఫోన్లో చూసినప్పుడు పచ్చగా భగభగలాడిపోతుంది కదా" అన్నారు. ఆయన ఫోన్ ఎత్తి మూడు సెకన్లు కదపకుండా పట్టుకుంటే ఫొటోలో పచ్చగానే వచ్చింది. సూర్యుడి నుంచి వచ్చే కణాలు వంద కిలోమీటర్లకు పైన ఆక్సిజన్‌ని తాకితే ఆ పచ్చరంగు పుడుతుంది. కాంతి బలహీనంగా ఉంటే మన కంటికి రంగు అందదు, కెమెరా మాత్రం సెకన్ల తరబడి కాంతిని పోగుచేసుకుంటుంది. కాంతులు బలంగా వచ్చిన రాత్రి కంటికీ పచ్చగా కనిపిస్తాయి. మాకు ఆ అదృష్టం లేదు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మనం ఐస్‌లాండ్‌ని ఎంచుకునేది రీల్స్ చూసి. మా ఆంటీ అయితే 2015లో వచ్చిన దిల్‌వాలే సినిమాలో గెరువా పాట చూసినప్పట్నుంచీ వెళ్దామని అంటున్నారట. పాటలో గాలికి బట్టలు ఎగురుతాయి, అందంగానే ఉంటుంది. అదే గాలికి బండి తలుపు ఊడొస్తుందని పాటలో చూపించరు. క్యాన్సిల్ అయిన రోజుని ఎవరూ రీల్ చేయరు. అందుకే గైడ్ వద్దు అనగానే మనకి మోసపోయినట్టు అనిపిస్తుంది.

రెండో రోజు దక్షిణ తీరం. సెల్యలాండ్స్‌ఫోస్ జలపాతం వెనక నుంచి నడవొచ్చని విని ఉన్నాం. చలికాలంలో మంచు పేరుకుని ఆ దారి మూసేస్తారు, మేం వెళ్ళినరోజూ మూసే ఉంది. మళ్ళీ వద్దు. తర్వాత రేనిస్‌ఫ్యారా, నల్ల ఇసుక బీచ్. దిగేముందు బస్సులోనే పది నిమిషాలు క్లాసు పీకింది. సముద్రం అడుగు ఒడ్డు దగ్గర ఏటవాలుగా ఒక్కసారిగా లోతైపోతుంది కాబట్టి అలలు ముందే విరగవు. నాలుగైదు అలలు బుద్ధిగా వచ్చి వెళ్తాయి. ఆ తర్వాతది చప్పుడు లేకుండా ఇరవై ముప్పై మీటర్లు ఎక్కువ పైకి వచ్చి, వెనక్కి వెళ్తూ కాళ్ళ కింది ఇసుకని కూడా లాగేసుకుంటుంది. బీచ్ మొదట్లోనే హెచ్చరిక లైట్లు, పెద్ద బోర్డు ఉన్నాయి. అయినా అక్కడ కొట్టుకుపోయినవాళ్ళు చాలామందే ఉన్నారు. 2025 ఆగస్టులో తొమ్మిదేళ్ళ పాప చనిపోయింది.

మేం వెళ్ళినప్పుడు గైడ్ ఇసుకలో కాలితో గీత గీసి, "ఇది దాటొద్దు, సముద్రానికి వీపు చూపించొద్దు" అంది. నీళ్ళు ఆ గీతకి చాలా దూరంలో ఉన్నాయి. ఇంత దూరమా అనుకున్నాం. మేం బస్సెక్కేలోపు ఆ గీత చెరిగిపోయింది.

మూడో రోజు

ఆ రాత్రి బస వీక్ అనే ఊళ్ళో. కొన్ని వందలమంది ఉండే చిన్న ఊరు. మర్నాడు మంచు గుహ, యోకుల్‌సార్లోన్ సరస్సు, నీళ్ళలో తేలే మంచుగడ్డలు. అసలు ట్రిప్పంతా ఆ రోజు కోసమే. నాకైతే ఇంకో సొంత ఆశ కూడా ఉంది. 1996లో మంచు కింద అగ్నిపర్వతం పేలి, కరిగిన నీళ్ళన్నీ ఒక్కసారిగా స్కేదరా నది మైదానం మీద పడి వంతెనల్ని తుడిచిపెట్టేశాయి. అప్పుడు మెలికలు తిరిగిపోయిన స్టీలు గర్డర్లని రోడ్డు పక్కనే స్మారకంగా ఉంచారు. సివిల్ చదివినవాడికి అది మంచు గుహ కంటే గొప్ప దృశ్యం. వీక్ నుంచి సుమారు 140 కిలోమీటర్లు.

పొద్దున ఎనిమిదింటికి, ఇంకా చిమ్మచీకటి. టిఫిన్ దగ్గర గైడ్ చెప్పింది: మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఆరెంజ్ హెచ్చరిక, గాలి సెకనుకు 28 మీటర్లు, అంటే గంటకి వంద కిలోమీటర్లు. రోడ్డు ఇప్పటికైతే తెరిచే ఉంది. మనం మాత్రం వెళ్ళడం లేదు.

అక్కడ మొదలైంది రచ్చ. అంకుల్ లేచి నిలబడ్డారు. "రోడ్డు ఓపెన్ ఉందంటున్నావు, ఎందుకు పోకూడదు? వేరే కార్లు పోతున్నాయి చూడు." కిటికీలోంచి చూస్తే నిజమే, అద్దెకార్లు వరసగా తూర్పువైపు వెళ్తున్నాయి. పోర్చుగల్ మాస్టారు డబ్బులు వాపసు ఇస్తారా అని అడిగాడు. గుహ టికెట్టు డబ్బులు వస్తాయి, మిగతావి రావు అంది. మావాడు ఇంకా ముందుకెళ్ళాడు. "కాగితం ఇవ్వండి, మా బాధ్యత మీదే వస్తున్నామని సంతకం పెడతాం."

ఆమె ఒక టిష్యూ తీసి గీత గీసింది. ఇక్కడ వీక్, అక్కడ గుహ. ఇప్పుడు బయల్దేరితే ఈ రోడ్డు మీద మూడు గంటలు పైనే పడుతుంది, అక్కడికి పన్నెండు. గుహకి వెళ్ళి రావడానికి మూడు గంటలు. అప్పటికి గాలి పూర్తిగా ఎక్కుతుంది, వెలుతురు పోతుంది. మధ్యలో అంతా ఇసుక మైదానం, పక్కన ఆపుకోవడానికి చెట్టూ లేదు, ఊరూ లేదు. "వెళ్ళగలం. వెళ్ళాక మన చేతిలో ఏమీ ఉండదు. ఇక సంతకం అంటారా, దాన్ని గాలి చదవదు."

"ఏదైనా అయితే రెస్క్యూవాళ్ళు ఉంటారుగా" అన్నాడు మావాడు.

అప్పటిదాకా నవ్వుతూనే ఉన్న మనిషి కాస్త ఆగింది. "ఉంటారు. మా ఊళ్ళో ఆ రెస్క్యూవాళ్ళలో నేనూ ఒకదాన్ని. మాకు జీతం ఉండదు. అన్నం తింటుంటే ఫోన్ మోగుతుంది, లేచి వెళ్తాం."

అది మాకెవరికీ తెలీదు. ఐస్‌లాండ్‌కి సైన్యం లేదు. కొండల్లో, మంచులో, సముద్రం మీద చిక్కుకున్నవాళ్ళని వెతికి తెచ్చే పని ఎక్కువగా ఊరూరా ఉన్న వాలంటీర్లది. వాళ్ళ సంఘం పేరు లాండ్స్‌బ్యోర్గ్. బడిపంతులు, రైతు, మెకానిక్కు, అందరూ అందులో సభ్యులే. కొత్త సంవత్సరానికి బాణసంచా అమ్మి, ఆ డబ్బుతో బళ్ళు, తాళ్ళు, రేడియోలు కొనుక్కుంటారు. వాళ్ళ నిధుల్లో పెద్ద భాగం దాన్నుంచే వస్తుంది. మేం వెళ్ళినప్పుడు వీక్‌లో కూడా బాణసంచా కొట్టు తెరిచి ఉంది. ముందురోజు సాయంత్రం మావాడే అక్కడ కాకరపువ్వొత్తులు కొన్నాడు, అది ఎవరి కొట్టో తెలీకుండా.

గాలి రాకముందు మిగిలిన రెండు మూడు గంటల్లో గైడ్ మమ్మల్ని ఊళ్ళో గుట్టమీదున్న చర్చికి నడిపించింది. వీక్ వెనక కొండల్లో, మిర్‌దాల్స్‌యోకుల్ హిమానీనదం కింద కాట్లా అనే అగ్నిపర్వతం ఉంది. చివరిసారి పెద్దగా పేలింది 1918లో. మళ్ళీ పేలితే మంచు కరిగి వరద వస్తుంది. అప్పుడు ఊరివాళ్ళంతా ఎక్కాల్సిన చోటు ఆ చర్చి గుట్టే. దానికోసం ప్రాక్టీసు కూడా చేస్తారట. ఇల్లూ, సామానూ వదిలేసి ఎక్కడికి నడవాలో ముందే తెలిసిన ఊరు అది. మేమేమో ఒక్క రోజు ప్రోగ్రాం వదులుకోలేక రచ్చ చేస్తున్నాం.

ఒంటిగంటన్నరకి గాలి మొదలైంది. రెండున్నరకి రోడ్డు గేటు వేసేశారు. హోటల్ కిటికీ అవతల మంచు అడ్డంగా, నేలకి సమాంతరంగా ఎగురుతోంది. ఐస్‌లాండ్ వాళ్ళకి దీనికి ఒక మాట ఉంది, గ్లుగ్గవేదుర్. కిటికీ వాతావరణం అని అర్థం, అంటే లోపల కూర్చుని చూడటానికే బాగుండేది. సాయంత్రం ఆరింటికి పెద్ద చక్రాల జీపులు రెండు హోటల్ ముందు ఆగాయి. ఎర్ర జాకెట్ల మనుషులు ఎనిమిదిమందిని దింపారు. అందరూ పొద్దున మా కిటికీ ముందు నుంచి వెళ్ళిన కార్లవాళ్ళే అయ్యుంటారు. ఒకామె చంకలో రెండేళ్ళ పిల్లాడు. కారు రోడ్డు దిగిపోయి నాలుగు గంటలు అందులోనే ఉన్నారట. ఎవరికీ ఏం కాలేదు. ఆంటీ తన సంచీలోంచి జంతికల పొట్లం తీసి ఆ పిల్లాడి చేతిలో పెట్టారు. అంకుల్ రిఫండ్ సంగతి ఆ తర్వాత ఎత్తలేదు.

గైడ్ ఉంటే చాలా?

ఇప్పుడు నా అభిప్రాయం. చలికాలం ఐస్‌లాండ్‌లో గ్రూప్ టూర్‌కి మనం కట్టే డబ్బు జలపాతాలు చూపించినందుకు కాదు. జలపాతాలకి టికెట్టు లేదు, దారి గూగుల్ చూపిస్తుంది. మనం కొనుక్కునేది ఆ రోడ్డుని వందసార్లు చూసిన మనిషి నిర్ణయం. ఆ నిర్ణయం "పదండి" అయినప్పుడు దాని విలువ మనకి కనపడదు. "వద్దు" అయినప్పుడే కనపడుతుంది, అప్పుడే మనకి కోపం వస్తుంది.

సొంతంగా వెళ్ళేవాళ్ళందరూ మూర్ఖులని నేననను. వేసవిలో అయితే అక్కడ రాత్రి పదకొండింటికీ వెలుతురే, కారు తీసుకుని వెళ్ళండి, హాయిగా ఉంటుంది. కానీ డిసెంబరు వేరు. మేం వెళ్ళకుండా ఆగిన ఆ రోడ్డు మీదే, నూప్స్‌వోత్న్ నది ఒంటిదారి వంతెన దగ్గర, 2018 డిసెంబరు 27న ఒక అద్దెకారు కింద పడింది. అందులో ఉన్నది భారత సంతతి బ్రిటిష్ కుటుంబాలు. ముగ్గురు చనిపోయారు, వాళ్ళలో ఒక పసిపాప. వాళ్ళు తప్పు చేశారని చెప్పడానికి ఇది రాయడం లేదు. మనలాంటివాళ్ళే, మనలాగే సెలవులకి వెళ్ళినవాళ్ళే అని చెప్పడానికి.

అలాగని గైడ్ ఉంటే చాలు అనుకోవడం కూడా పొరపాటే. 2024 ఆగస్టు 25న బ్రేదమెర్కుర్‌యోకుల్ హిమానీనదం మీద మంచు కూలి ఒక పర్యాటకుడు చనిపోయాడు, అతనితో ఉన్న ఒకామె గాయపడింది. వాళ్ళు గైడ్‌తో గ్రూపులో వెళ్ళినవాళ్ళే. మంచు గుహలు చలికాలంలో గట్టిగా ఉంటాయి, వేసవిలో కరిగి కదులుతుంటాయి. వేసవిలో కూడా అక్కడికి జనాన్ని తీసుకెళ్ళడం సరైనదేనా అని ఆ దేశంలో పెద్ద చర్చే జరిగింది, కొంతకాలం ఆ గుహల టూర్లు ఆపేశారు. గైడ్ తాయెత్తు కాదు. గైడ్‌కి వద్దు అనే అధికారం ఉండాలి, అన్నందుకు కంపెనీ ఆమె జీతం కొయ్యకూడదు, మనం వన్ స్టార్ రేటింగ్ ఇవ్వకూడదు. ఈ మూడింట్లో ఏది లేకపోయినా ఆ వద్దు గొంతులోనే ఆగిపోతుంది.

మూడోది మన చేతిలో ఉంది. బుక్ చేసేముందు "ఎన్ని ప్లేసులు కవర్ చేస్తారు" అని అడుగుతాం. ఇంకో ప్రశ్న కూడా అడగాలి: "ఎలాంటి వాతావరణంలో క్యాన్సిల్ చేస్తారు, చేస్తే ఎంత వాపసు ఇస్తారు?" దీనికి సూటిగా జవాబు చెప్పే కంపెనీయే మంచిది. "మేం ఎప్పుడూ క్యాన్సిల్ చేయం" అని గర్వంగా చెప్పేవాళ్ళకి దండం పెట్టి వచ్చేయండి. ప్లానులో ఒక ఖాళీ రోజు ఉంచుకోండి. ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ అని పరీక్షల్లో రాస్తాం, టూర్ ప్లానులో మాత్రం గంట కూడా వదలం.

ఇది మన మ్యాగజైన్‌లో ఎందుకు రాస్తున్నానో కూడా చెప్పాలి. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున హైదరాబాద్ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు ఫొటోలు దిగుతుండగా పైనున్న లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీళ్ళు వచ్చిపడ్డాయి. 24 మంది విద్యార్థులు, వాళ్ళతో వెళ్ళిన టూర్ మనిషి, అందరూ పోయారు. డ్యామ్ నీళ్ళు ఎప్పుడు వస్తాయో ఆ పిల్లలకి తెలిసే దారి లేదు, అది వాళ్ళ తప్పు కాదు. మనం సెకండియర్‌లో డ్యాముల గురించి చదువుతాం. కానీ కొత్త నది ఒడ్డున దిగేముందు, ఆ నది సంగతి తెలిసిన మనిషి ఒకడు మనతో ఉన్నాడా, అతను గీత గీస్తే మనం ఆగుతామా అన్నది సిలబస్‌లో ఉండదు. రేనిస్‌ఫ్యారాలో ఆమె కాలితో గీత గీసినప్పుడు నాకు గుర్తొచ్చింది అదే.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట దగ్గరికి వస్తున్నా. గొలుసు దాటినవాళ్ళలో చాలామందికి ఏం కాదు. అందుకే తర్వాతివాళ్ళూ దాటుతారు. "ఏం కాలేదు" అన్నది గొలుసు అనవసరం అనడానికి రుజువు కాదు. ఒక టెస్ట్ పీసు విరగలేదని మిగతా బ్యాచ్ అంతా పాస్ చేసే ల్యాబ్‌లో మనం ఎవరం ఇల్లు కట్టుకోం కదా.

జూనియర్లకి ఒక్క మాట. వచ్చే నెలలో మీ ఇండస్ట్రియల్ టూర్ ఉందని విన్నాను. ఐస్‌లాండ్ అక్కర్లేదు, నాగార్జునసాగరైనా, అరకైనా, గోవా అయినా ఇదే లెక్క. బయల్దేరేముందు ఆ చోటు బాగా తెలిసినవాళ్ళని ఒకరిని చూసుకోండి. వాళ్ళు వద్దంటే వద్దే అని బస్సులో అందరూ ఒప్పుకోండి. తర్వాత తిట్టుకుందురుగాని, అక్కడ మాత్రం ఆగండి.

నాలుగో రోజు రోడ్డు తెరిచారు. తూర్పుకి వెళ్ళే టైము లేదు, తిరిగి రేక్యావిక్ వచ్చేశాం. నేను ఆ మెలికలు తిరిగిన గర్డర్లు చూడలేదు. ఆంటీ నీళ్ళలో తేలే మంచుగడ్డలు చూడలేదు. ఆ బాధ లేదని చెప్పను, ఉంది. దిగేటప్పుడు అంకుల్ గైడ్ చేతిలో టిప్పు పెట్టి, "థాంక్యూ అమ్మా" అని తెలుగులోనే అన్నారు. ఆమెకి అర్థమైనట్టే ఉంది.

పోయిన వారం మావాడు మళ్ళీ మొదలెట్టాడు, మంచు గుహ బాకీ ఉంది కదా, వచ్చే చలికాలం వెళ్దామని. కారా అన్నాను. కాదు, గ్రూప్ టూరే అన్నాడు. అప్పటికే మూడు కంపెనీలకి మెయిల్ పెట్టేశాడట. ధర అడగలేదు. పోయిన చలికాలం ఎన్నిసార్లు క్యాన్సిల్ చేశారని అడిగాడట.